రెండు పాయింట్ల గెలుపు

బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పడింది. విజిల్ మోగింది. పదిహేడు–పదిహేను. ఇండియా గెలిచింది. కానీ నాచారంలో ఎబినేజర్ సార్ ఇంటి ముందుగదిలో ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు, చప్పట్లు కొట్టబోయిన చేతులు మోకాళ్ల మీదే ఆగిపోయాయి, ఫ్యాను మాత్రం తన మానాన తాను తిరుగుతోంది. ఓడిపోయినప్పటి నిశ్శబ్దం వేరు అనుకుంది ప్రజ్ఞ, అందులో కనీసం ఒకరినొకరు ఓదార్చుకునే వీలుంటుంది. ఇది ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిన పిల్లవాడి ఇంట్లో ఉండే నిశ్శబ్దం. అవతలిది నిరుడే జట్టు కట్టుకున్న చిన్న దేశం. ఆఖరి నిమిషంలో గీత దాటించి ట్రై చేశాక, అదనపు రెండు పాయింట్ల కోసం వాళ్లు తన్నిన ఆ బంతి నాలుగంగుళాలు లోపలికి పడి ఉంటే స్కోరు సమానమయ్యేది. తెరమీద మన అమ్మాయిలు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు, వాళ్ల మధ్య అయిదో నంబరు జెర్సీలో దీప, ఎడమచెయ్యి ఒక్కటే పైకెత్తి నవ్వుతోంది, కుడిచేతి బొటనవేలిని మాత్రం జెర్సీ మెడలోకి దూర్చి ఆ చేతి బరువంతా బట్టమీద వేసింది. ప్రజ్ఞ చూపు అక్కడే ఆగిపోయింది. అంతలో వంటింట్లోంచి దీప తల్లి సాలమ్మ గొంతు వినిపించింది.

"లేసిందా?"

"ఆట ఒడిసిపోయింది, గెలిసినం" అన్నాడు ఆమె భర్త చంద్రయ్య.

"నేనడిగింది గది కాదు. బిడ్డ లేసిందా?"

"లేసింది, లేసింది. నవ్వుతున్నది."

సాలమ్మ ఆట చూడదు. కూతురు దేశం తరఫున ఆడబట్టి మూడేళ్లయినా మ్యాచ్ నడిచినంతసేపూ సార్ భార్య మరియా పక్కన వంటింట్లో కూర్చుంటుంది, కామెంటరీ గొంతు పెరిగినప్పుడల్లా ఎవరో తన బిడ్డమీద పడ్డారని లెక్క, అప్పుడల్లా ఇదే ప్రశ్న, లేచిందని ఎవరో ఒకరు చెప్పేదాకా అల్లం దంచే చప్పుడు కూడా ఆగిపోతుంది.

టీ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి, వాటితో పాటు మాటలూ వచ్చాయి. ఎబినేజర్ సారే మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లుగా బడిలో పీఈటీ, ఈ చుట్టుపక్కల ఆడపిల్లల చేత మొట్టమొదట రగ్బీ బంతి పట్టించిన మనిషి, ప్రజ్ఞకూ గురువే, దీపకూ గురువే. "గెలుపు గెలుపే, నేను కాదంట లేను. పన్నెండు–సున్నా మీదికెంచి ఈడిదాంక ఎట్ల జారిన్రు? సగానికి ఏడు నిమిషాలే గద ఆట, ఊపిరి పట్టలేరా?" సుధీంద్ర ఫోనులో రాసుకున్న అంకెలు చదివాడు, ఒకప్పుడు క్లబ్బుకు ఆడి, ఇప్పుడు పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, నూట పధ్నాలుగు మంది అభిమానులున్న వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాడు. "పదకొండు ట్యాకిళ్లు మిస్సయినయ్ సార్. అండ్ల నాలుగు ఒక్కల్లవే. ఆఖరు ట్రై అయితే సూస్తుండంగనే ఇడిసిపెట్టింది. కుడిపక్క కెంచి ఉరుకుతుంటే చెయ్యన్న సాపలే…" అంటూ, గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న చంద్రయ్య మీద చూపు పడి ఆగిపోయాడు. టీ గ్లాసు కిందపెట్టి, మళ్లీ తీసి, "అలిసిపోయింది కావచ్చు మామా" అన్నాడు. చంద్రయ్య బిస్కెట్టును టీలో ముంచి అలాగే పట్టుకున్నాడు, అది మెత్తబడి సగం విరిగి లోపల పడిపోయింది. "పేరొచ్చినంక ఒళ్లు దాసుకుంటున్నది" అన్నాడు సార్. "నా ముందట పెరిగిన పిల్ల, అనే హక్కు నాకున్నది చంద్రయ్యా, ఏమనుకోకు." "అనున్రి సార్, మీరనకుంటె ఎవలంటరు" అన్నాడు చంద్రయ్య, మర్యాదగానే.

ఒళ్లు దాచుకోవడం. ఆ మాట ప్రజ్ఞ చెవిలో పడి అక్కడే కూర్చుంది. బంతితో ఉరికే మనిషిని నడుము కింద భుజంతో గుద్ది, చేతులు చుట్టి నేలకు తేవాలి, అదీ ట్యాకిల్. కుడిపక్కనుంచి వచ్చేదాన్ని కుడిభుజంతో, ఎడమపక్కనుంచి వచ్చేదాన్ని ఎడమతో, ఇది సార్ అందరికీ మొదటి వారంలో నేర్పే పాఠం. ఈ రోజు దీప ఎడమపక్కవాళ్లను ముగ్గురిని విరగదీసినట్టు పడగొట్టింది. కుడిపక్కవాళ్లకు మాత్రం చుట్టూ తిరిగి అడ్డం పోయి ఎడమభుజమే ఇవ్వబోయింది, అంత దూరం తిరిగేసరికి మనిషి దాటిపోయింది. ఆట మొదట్లో పైకి లేచిన బంతిని రెండు చేతులెత్తి అందుకోవలసింది, ఎందుకో నేలకు కొట్టుకునేదాకా ఆగింది. ఇవన్నీ సార్ చూడలేదా, సుధీంద్రన్న చూడలేదా, అందరూ అదే టీవీ, అవే కళ్లు. కానీ వాళ్లు గెలుస్తామా ఓడతామా అని బంతిని చూశారు, తను దీపను చూసింది. రోజుకు ఎనిమిది గంటలు మందుల ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడి, వందల మాత్రల పట్టీల్లో మాత్ర పడని ఒక్క గుంతను పట్టుకోవడమే తన ఉద్యోగం. భుజం జారి లోపలికి పోయిన చెయ్యి ఎలా ఉంటుందో ఆడిన రోజుల్లో తను చూసింది. ఒళ్లు కాదు సార్, నొప్పి దాచుకుంటున్నది. నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రి ముందు, తల్లి అల్లం దంచుతుండగా ఎలా అనడం? ఇంటికి వెళ్లాలని లేచింది.

మెట్ల మీద వెనకనుంచి చెప్పుల చప్పుడు. చంద్రయ్య. కేబుళ్లు చుట్టే యంత్రం మీద ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, జనగామ పక్కనుంచి వచ్చినవాడు, ఆదివారమైనా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆట చూడ్డానికి వస్తాడు, ఎదుటివాళ్ల ముఖాలు చూసి ఎప్పుడు సంతోషపడాలో తెలుసుకుంటాడు. "బిడ్డా, జర ఆగు. నాకు గీ ఆట అంత సమజ్ కాదు. గెలిసినట్టా, గెలువనట్టా?"

"గెలిసినట్టే మామా. రేపు సెమీఫైనల్."

"మరి దీప?"

ఆయన కళ్లలో కోపం లేదు, అనుమానం లేదు, యంత్రం చప్పుడు కొద్దిగా మారితే చెవి రిక్కించే పనివాడి శ్రద్ధ ఉంది. "మంచిగనే ఆడింది మామా" అంది ప్రజ్ఞ. ఆయన తలాడించాడు, నమ్మాడో లేదో, "గట్లనా, సరే బిడ్డా, పైలం" అని పైకి వెళ్లిపోయాడు.

అబద్ధం ఎంత సులువుగా వచ్చింది అనుకుంటూ నడిచింది. షేర్ ఆటోలు హబ్సిగూడ, హబ్సిగూడ అని అరుస్తున్నా ఎక్కలేదు, మెట్రో స్టేషన్ దాకా రెండు కిలోమీటర్లు ఉంటుంది, నడిస్తే అరగంట, ఆటలు అయ్యాక జట్టుకు ఫోన్లు తిరిగి ఇవ్వడానికి ఎలాగూ గంట పడుతుంది. ఫోను చేతికి రాగానే దీప మొదట చేసేది తనకే, అమ్మకు కూడా తర్వాతే, మూడేళ్లుగా తప్పలేదు, ఎట్ల ఆడిన అక్కా అని అడుగుతుంది, తను తప్పులన్నీ చెబుతుంది, దీప అన్నింటికీ ఊ కొడుతుంది. ఈ రోజు ఏమని చెప్పాలి? సెలవు రోజు కాబట్టి ఫ్యాక్టరీల గేట్లు మూసి ఉన్నాయి, ఒక గేటు నీడలో వాచ్‌మన్ కుర్చీలో కునుకుతున్నాడు, మందుల వాసన మాత్రం సెలవు తీసుకోదు, గాలిలో చేదుగా అలాగే ఉంది. ఈ రోడ్డు మీదే, ఎనిమిదేళ్ల కింద, సార్ ఇచ్చిన బంతిని చంకలో పెట్టుకుని పోతుంటే పదమూడేళ్ల పిల్ల ఒకతె వెంటపడింది. గా గుండ్రంగ లేని బాల్ ఏందక్కా? రగ్బీ. రగ్గులా? చలికాలం రగ్గులు అమ్ముతున్నదనుకుంది పిచ్చిది. మర్నాడు గ్రౌండుకు వచ్చింది, కాళ్లకు చెప్పుల్లేవు, ఎవరికీ దొరకలేదు, అరగంట వెంటాడి ఇద్దరు కలిసి పడగొట్టినా లేచి నవ్వింది. పడితే లేవాలి అని ఎవరూ చెప్పకముందే తెలిసిన పిల్ల. అదే తప్పయిందేమో. లేవకూడని చోట కూడా లేస్తుంది.

పదిహేను రోజుల కింద వీడియో కాల్‌లో దీప కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని మాట్లాడింది. ఏమైందే అంటే, అడ్డంగ పండుకున్న అక్కా, మెడ పట్టింది అంది. నవ్వింది. తనూ నవ్వింది. ఎందుకు నవ్వింది తను? మెడ పడితే చేతిని దిండు మీద పెట్టుకుంటారా ఎవరైనా? ఆ రోజు చూసీ చూడనట్టు వదిలేసిందా, లేక చూడటం ఇష్టం లేకపోయిందా? ఎదురుగా లారీ ఒకటి వెనక్కి మళ్లుతూ పీక్ పీక్ మంటోంది, ప్రజ్ఞ పక్కకు తప్పుకుని ఒక బండి దగ్గర ఆగింది, చెరుకు రసం అడగబోయి మానేసింది, మళ్లీ నడిచింది.

కుళాయి చప్పుడు. నాలుగేళ్లయినా ఆ చప్పుడు పోదు. నేషనల్ క్యాంపులో ఇద్దరికి ఒక గది, తనూ గౌతమీ, పీర్జాదిగూడ పిల్ల, ఇద్దరూ ఒకే బస్సులో తిరిగి, ఒకే డబ్బాలో తిని పెరిగినవాళ్లు. తన మోకాలు అప్పటికే రెండుసార్లు పక్కకు బెణికింది. తెల్లవారి అయిదున్నరకు బాత్రూములో తను సింకు మీద కాలు పెట్టేది, గౌతమి టేపు చుట్టేది, టేపు చింపేటప్పుడు చర్రుమనే చప్పుడు పక్కగది వాళ్లకు వినపడకుండా కుళాయి పూర్తిగా తిప్పేది. పద్దెనిమిది రోజులు. వద్దే, ఫిజియో ఛాయాదేవి మేడమ్‌కు చెబుదామే, అని గౌతమి ప్రతిరోజూ అంది. ఒట్టు పెట్టించుకుంది తను. తల మీద కాదు, దాని తల్లి మీద, అప్పుడే గుండె ఆపరేషనై ఇంటికొచ్చిన తల్లి మీద. అంతకు మించిన తాళం దొరకలేదు మరి. పందొమ్మిదో రోజు ప్రాక్టీసు మ్యాచ్‌లో ఎవరూ తగలకుండానే, ఒట్టి నేలమీద, మోకాలు లోపల ఏదో బట్ట చినిగినట్టయింది. దవాఖానాలో మంచం పక్కన గౌతమి నిలబడి ఉంటే తను ఏమంది? "నువ్వన్న సెప్తే అయిపోవు గదనే." గౌతమి సంచిలోంచి బత్తాయి తీసి ఒలిచి పళ్లెంలో పెట్టి వెళ్లిపోయింది. తర్వాత పెళ్లయింది, ఒక దవాఖానాలోనే రిసెప్షన్‌లో పనిచేస్తోంది, పుట్టినరోజుకు మెసేజ్ పెడుతుంది, తను థాంక్స్ అని పెడుతుంది. నాలుగేళ్లు. తన తప్పుకు దానిమీద కోపం పెట్టుకోవడం ఎంత సుఖంగా ఉండింది.

హబ్సిగూడ స్టేషన్ మెట్లు ఎక్కి ప్లాట్‌ఫారం మీద బల్లమీద కూర్చుంది. ఉప్పల్ వైపు బండి మూడు నిమిషాల్లో అని బోర్డు చెబుతోంది. కోచింగ్ పిల్లలు వీపుమీద బరువైన బ్యాగులతో గుంపుగా నిలబడ్డారు, ఇద్దరు ముగ్గురు కాషాయరంగు క్రికెట్ చొక్కాల్లో ఉన్నారు, నెలాఖరులో స్టేడియంలో మ్యాచ్ ఉంది కాబోలు, టికెట్లు దొరకలేదని ఒకడు, బ్లాకులో ఇప్పిస్తానని ఒకడు. ఆ స్టేడియంలో నలభై వేల మంది అరిస్తే ఉప్పల్‌లో తన ఇంటి కిటికీ అద్దాలు వణుకుతాయి. ఈ రోజు ఇండియా ఒక ఆట గెలిచిందని ఈ ప్లాట్‌ఫారం మీద తెలిసింది తనకొక్కదానికే. ఫోను మోగింది, ఉలిక్కిపడింది, దీప కాదు, గ్రూపు. సుధీంద్ర మెసేజ్: ఇది మన గెలుపు కాదు, పోస్టు గెలుపు. కింద ఒకరు: కోచ్‌ను మార్చాలె. ఇంకొకరు: అయిదో నంబర్‌ను రేపు కూసోబెట్టాలె. దానికి పైకెత్తిన బొటనవేళ్లు పదకొండు. కూర్చోబెట్టాలన్న మాట నిజమే, కారణమే తప్పు. వాళ్లమీద కోపం రాలేదు ప్రజ్ఞకు. జేబులో టికెట్టు లేని ఆటకు ఆదివారాలు పోగొట్టుకునే మనుషులు, ప్రేమ లేకపోతే అంత బాధ ఎందుకు?

బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ఆమె లేవలేదు. ఉప్పల్ చేరేలోపు ఫోను వస్తే ఆ గుంపులో మాట్లాడటం కుదరదు, అదొక్కటే కారణమని తనకు తాను చెప్పుకుంది. ఛాయాదేవి మేడం నంబరు ఇంకా ఉంది, ఇప్పటికీ జట్టుకు ఆమే ఫిజియో. మేడం, దీప కుడిభుజం ఒకసారి చూడండి. అంతే, ఒక్క లైను. టైపు చేసింది. వేలు ఆగింది. పంపితే పని అయిపోతుంది, దీపకు ఎవరు చెప్పారో కూడా తెలియదు. తెలియకపోవడం మంచిదా? వెనకనుంచి పొడిచినట్టు కాదా? పోనీ పంపకపోతే? ఒక్క మ్యాచే, రేపొక్కటి, తర్వాత నెల రోజులు విశ్రాంతి, పతకం వస్తే రైల్వే ఉద్యోగానికి దరఖాస్తు, చంద్రయ్య మామ యంత్రం దగ్గరనుంచి దిగొచ్చు. తనూ ఇలాగే లెక్క వేసుకుంది కదా, ఒక్క మ్యాచే. గౌతమీ ఇలాగే వేసుకుని ఉంటుంది, బాత్రూములో మోకాళ్లమీద కూర్చుని, టేపు చేతిలో పట్టుకుని, పద్దెనిమిది ఉదయాలు. ఇష్టమైన మనిషి ఏడుపు ముఖం చూడలేక ఊరుకోవడం, దానికి ఇంత బరువుంటుందని తనకెవరు చెప్పారు? లైను చెరిపేసింది. మళ్లీ టైపు చేసింది. రెండో బండి వచ్చి పోయింది.

అయిదూ పదికి దీప పేరు తెరమీద వెలిగింది. వీడియో. తడి జుట్టు, చెంపమీద గీరుకుపోయిన గీత, వెనక హోటల్ తెల్లగోడ.

"ఎట్ల ఆడిన అక్కా?"

"చెయ్యి పైకెత్తు."

"ఏ చెయ్యి?" అని నవ్వింది.

"నీకు తెలుసు ఏ చెయ్యో."

నవ్వు అలాగే ఉంది ముఖం మీద, కళ్లలోంచి మాత్రం దిగిపోయింది. మోచేతి దాకా ఎత్తింది, అక్కడినుంచి భుజం చెవివైపు ముడుచుకుంది, పెదవి పళ్లకింద పడింది, చెయ్యి దిగింది. "జర పట్టింది అంతే. ఐస్ పెడుతున్న. ఎవలకు చెప్పకు అక్కా, నీ కాళ్లు మొక్కుత."

"ఎన్నిసార్లు జారింది?"

"ఒక్కసారే… రెండుసార్లు. నేనే ఎక్కిచ్చుకున్న."

జారిన కీలును తనే లోపలికి ఎక్కించుకుందట. ప్రజ్ఞ ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. "దీపా, ఆరింటికి మీ టీమ్ మీటింగ్ ఉంటది గద. దానికి ముందే పోయి ఛాయాదేవి మేడమ్‌కు నువ్వే చెప్పు. ఆరుదాంక సూస్త. చెప్పకుంటే నేను చెప్త. నీ ఎనుక గాదు, నీకు చెప్పే చెప్తున్న."

"రేపు ఆడకపోతే మల్ల క్యాంపుకు పిలువరక్కా! నీకెర్క గద, ఒకసారి బయట కూసుంటే అంతే సంగతి."

"ఎర్కనే."

"నీది పోయిందని నాది గూడ పోవాల్నా?"

అన్నది. అనేసి నోరు మూసుకుంది. ప్రజ్ఞకు ఆ మాట తగిలింది, తగలవలసిన చోటే తగిలింది, అయినా వింతగా నొప్పి లేదు. నాలుగేళ్ల కింద మంచం మీదనుంచి తను అన్నదానికి ఇది చెల్లెలి మాటే. "పోవద్దనే చెప్తున్ననే పిచ్చిదానా" అంది మెల్లగా. తెర నల్లబడింది. దీప పెట్టేసింది.

తర్వాత నలభై నిమిషాలు ప్రజ్ఞ అక్కడే ఉంది. ఎండ ప్లాట్‌ఫారం అంచుదాకా వచ్చి పట్టాలమీదికి జారింది, కింద రోడ్డుమీద హారన్లు, ఎవరో కొబ్బరిబొండాలు నరికే చప్పుడు, మెట్రో గొంతు మూడు భాషల్లో పసుపుగీత దాటొద్దంటోంది. ఇక దీప మాట్లాడదేమో. మాట్లాడకపోతే మాట్లాడకపోనీ, చెయ్యి మిగలనీ. ఆ అనుకోవడంలో ఒక చల్లదనం ఉంది, కాలిన చేతిని నీళ్లలో పెట్టినట్టు. రేపు ఓడిపోవచ్చు. ఓడితే గ్రూపులో దీప పేరే రాస్తారు. సార్ మళ్లీ ఒళ్లు దాచుకున్నదంటాడా? అనడు, ఆయనకు తను చెబుతుంది, పన్నెండో ఏట తనకు భుజం పెట్టడం నేర్పిన మనిషికి, మీరు ఈ రోజు చూడలేదు సార్ అని చెప్పగలదు. అయిదూ నలభై అయిదు. అయిదూ యాభై. ఆగిన లైను తెరమీద అలాగే ఉంది. వేలు దానిమీదికి తెచ్చి, ఇంకో రెండు నిమిషాలు అనుకుంది.

ఫోను మోగింది. దీపే, ఈసారి వీడియో కాదు. ముందు ముక్కు ఎగబీల్చిన శబ్దం. తర్వాత, "చెప్పిన."

"ఏమన్నరు?"

"తిట్టిన్రు. తర్వాత చెయ్యి కట్టిన్రు. స్కాన్ తీస్తరంట. ఇంకోసారి పడితే ఆపరేషనే అని అన్నరు. ఇప్పుడైతే ఆరువారాలు అంతే, కసరత్తుతోని అయిపోతదంట." కాసేపు ఏడ్చింది. ప్రజ్ఞ ఏడవనిచ్చింది. బండి వచ్చి, జనం దిగి, ఆమె మోకాళ్లను రాసుకుంటూ పోయారు. "రేపు ఓడిపోతే నా వల్లనే అంటరక్కా."

"అంటరు."

"నువ్వు?"

"నేను నీ పక్కన కూసుంట. వచ్చినంక రోజు పొద్దుగాల గ్రౌండుకు వస్త, కసరత్తు నేనే చేపిస్త."

"ఇందాక అట్ల అన్నందుకు…"

"పోనీ తియ్యి."

"నాయినకు నువ్వే చెప్పు అక్కా. ఫోన్ల వద్దు. పోయి చెప్పు. అమ్మకైతే ఎట్ల చెప్తవో ఏమో, ఆగం ఆగం అయితది."

ప్రజ్ఞ మెట్లు దిగి నాచారం ఆటో ఎక్కింది. ముగ్గురి మధ్య ఇరుక్కుని కూర్చుని, ఫోనులో గౌతమి పేరు వెతికి, రాత్రికి కాల్ చేస్తా, చాలా మాట్లాడాలి అని పంపింది. తల ఎత్తేలోపే జవాబు వచ్చింది: చెయ్యవే. అంతే. ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే ఆ చివరి అక్షరం దగ్గర, ఆ 'వే' దగ్గర, కళ్లు చెమర్చాయి.

చంద్రయ్య వాళ్లిల్లు సార్ ఇంటికి రెండు గల్లీల అవతల, ఒక గది, ఒక వంటిల్లు. తలుపు తీసే ఉంది. ఆయన చొక్కా విప్పి తాడుమీద వేస్తున్నాడు. ప్రజ్ఞ గడపలోనే నిలబడి, కూర్చోకుండానే చెప్పేసింది: భుజం జారింది, రేపు ఆడదు, ఆరువారాల్లో నయమవుతుంది, నేను మెట్లమీద మీకు అబద్ధం చెప్పిన మామా, తప్పయింది. ఆయన చాలాసేపు చొక్కా మడతలు సరిచేశాడు. "అంటే గా నొప్పితోనే ఆడిందా ఇయ్యాల?" అన్నాడు చివరికి. "సార్ గట్ల అంటుంటే నేను తల దించుకుని కూసున్న." ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టు ఇంకోసారి అని, గోడకు ఆనుకున్నాడు. ఆయన చేతుల్లోంచి చొక్కా ప్రజ్ఞ తీసుకుని తాడుమీద వేసింది.

సాలమ్మ బియ్యం చాట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. ఆగం కాలేదు, గొంతెత్తలేదు. "నాకెర్కనే" అంది.

"ఎట్ల అత్తమ్మా? మీరు సూడరు గద."

"ఆట ముంగట దేశం పాట పాడేటప్పుడు సూస్త గదా, వరసల నిలవడ్తరు. జడ సూసిన. నా బిడ్డ ఐదేండ్లప్పటికెంచి జడ తనే ఏసుకుంటది, కిందిదాంక బిగిచ్చి. గది వదులు జడ, పరాయి చెయ్యి. ఇన్నేండ్లల ఎన్నడు లేనిది ఇయ్యాలెందుకు ఏపిచ్చుకున్నది? రెండు చేతులు నెత్తిమీదికి లేవకుంటేనే గద." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎవలకు చెప్పాలె బిడ్డా? చెప్తే ఆడనియ్యరని ఏడుస్తది, చెప్పకుంటే పడ్తది. గందుకే వంటింట్ల కూసున్న."

ఆ వంటింట్లో అల్లం దంచుతూ కూర్చున్న మనిషికి తమ అందరికన్నా ముందే అంతా తెలుసు.

"కలుపు" అంది సాలమ్మ, ఫోనువైపు చూపించి. "మొఖం కనవడేటట్టు."

రెండుసార్లు మోగాక దీప ఎత్తింది. మెడలోంచి తెల్లటి కట్టు, చెయ్యి అందులో. తల్లిని చూసి ముఖం బిగబట్టుకుంది, తిట్టు కోసమో ఏడుపు కోసమో సిద్ధపడి. సాలమ్మ ఫోనును దగ్గరికి తీసుకుని, కళ్లు చికిలించి, బిడ్డ తలవైపు తేరిపార చూసింది.

"జడ ఎవలేసిన్రు బిడ్డా?"

దీప ఎడమచెయ్యి జడమీదికి పోయింది. "నా రూంల ఉండే పిల్ల. మణిపూర్ పిల్ల అమ్మా."

"మంచిగేసింది" అంది సాలమ్మ. "రేపు గూడ ఏపిచ్చుకో. జర బిగిచ్చి ఏయమను."